ముక్కోణం లేని బండి

వాల్‌నట్ లిక్, కెంటకీ
నవంబరు 11, 2007

ప్రభువునందు ప్రియమైన అక్క సవిల్లాకు తమ్ముడు జోయాస్ వ్రాయునది.

దేవుని కృపవల్ల ఇక్కడ అందరం కుశలం. జొన్నచెరకు ఆడించడం పోయిన వారంతో అయిపోయింది. పానకం ఈసారి నల్లగా దిగింది. అడుగు మాడిందని మలిండా అంటుంది, మాడలేదని నేనంటాను, ఇంట్లో సమాధానం కోసం ఇద్దరం అదే తింటున్నాం. ఈ చలికి నీ తుంటి నొప్పి ఎలా ఉందో వ్రాయి.

అక్కా, నేను ఊరికే కలం పట్టలేదు. గుర్రబ్బండి మీద పోతున్న మా అల్లుడు మాహ్లోన్‌ను షెరీఫు పోలీసులు రోడ్డు మీద ఆపారు. మరుసటి వారం నన్ను ఆపారు. కుర్రవాడే, మీసం కూడా సరిగా రాలేదు.

"ఏం పెద్దాయనా, బండి వెనకాల ముక్కోణమేది?"

"లాంతరుంది గదా బాబూ."

"లాంతరు కాదయ్యా, నారింజ రంగు ముక్కోణం. ట్రాక్టరుకుంటుంది, రోడ్డు రోలరుకుంటుంది. నీకేం వచ్చింది?"

"ట్రాక్టరుకు ఆత్మ లేదు నాయనా," అన్నాను.

నవ్వాడు. నవ్వుతూనే చీటీ చించి చేతిలో పెట్టాడు.

జడ్జి జరిమానా వేశాడు. కట్టనన్నాను. కడితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. కొందరు రథాలను నమ్ముకుంటారు, కొందరు గుర్రాలను నమ్ముకుంటారు, మనం దేవుని నామాన్ని నమ్ముకుంటామని కీర్తనకారుడు పాడాడు. ఆ మండే రంగు రేకును వీపుకు తగిలించుకొని అది నన్ను కాపాడుతుందని నమ్మితే నేను ప్రసంగ పీఠం లేని మన ఆరాధన పాకలో నిలబడి ఏ ముఖంతో వాక్యం చెప్పను? కట్టకపోతే జైలు. జైలుకు నేను భయపడను. పౌలు, సీలలు సంకెళ్ళలో పాడారు. కానీ మాహ్లోన్‌కు చిన్న పిల్లలు. బండ్లు రోడ్డెక్కకపోతే కార్లు కొనని మనవాళ్ళు మిల్లుకు పోలేరు, ఆరాధనకు పోలేరు. ఇక్కడ మనం నిలవాలో ఇళ్ళెత్తుకుపోవాలో ఈ రేకు తేల్చబోతోంది.

అందుకే అడుగుతున్నాను. మిన్నెసోటాలో ఈనోస్ బావ ఇదే తగాదాలో గెలిచాడు గదా. ఏమి చెప్పి గెలిచాడు? ఏ మాట పట్టుకొని గెలిచాడు? క్రైస్తవుడు కోర్టు గడప తొక్కరాదని ఆనాడు నేనన్న మాటను వెనక్కి తీసుకోవడం లేదు. అడుగుతున్నాను, అంతే.

నీ కోసం ప్రార్థించే తమ్ముడు,
జోయాస్ స్టట్జ్‌మన్


ఎల్మ్ ప్రెయిరీ, మిన్నెసోటా
డిసెంబరు 2, 2007

తమ్ముడు జోయాస్‌కు,

ఉత్తరం అందింది. ఇక్కడ మంచు మోకాలి దాకా ఉంది. కోళ్ళు గుడ్లు మానేశాయి. తుంటి ఎప్పటిలాగే ఉంది. చేతికర్ర లేకుండా పొయ్యి దాకా పోగలను, పాక దాకా పోలేను.

అయ్యగారికి ఇన్నాళ్ళకు ఈనోస్ గుర్తొచ్చాడన్నమాట. సంతోషం.

నువ్వడిగింది చెబుతాను. ఆయన ఏమీ వాదించలేదు. నోరు విప్పి మాట్లాడింది గుప్పెడు మాటలు. వాదించింది వకీలు. ఈ రాష్ట్రం పుట్టినప్పుడు ఇక్కడి పెద్దలు తమకంటూ ఒక రాజ్యాంగం రాసుకున్నారు. దేశానిది వేరే ఉంది, ఇది ఈ రాష్ట్రానిది. మనిషి మనస్సాక్షి జోలికి ప్రభుత్వం రాకూడదని అందులో ఉంది. ఒక్క మెలిక పెట్టారు: మనస్సాక్షి పేరు చెప్పి జనం భద్రతకు చేటు తేకూడదు. దేశపు పెద్ద కోర్టేమో, చట్టం అందరికీ ఒకటే, మతం పేరు చెప్పి తప్పించుకోలేరని అనేసింది. అప్పుడు ఇక్కడి కోర్టు తన సొంత రాజ్యాంగం తెరిచింది.

"సరే, భద్రతే కావాలి గదా," అని సర్కారు వారినడిగింది. "బండి వెనక దీపం పడితే మెరిసే తెల్ల పట్టీలు అంటించి, ఎర్ర లాంతరు కడతామంటున్నారు వీళ్ళు. అది చాలదని మీ దగ్గర రుజువుందా?"

వాళ్ళ దగ్గర లేదు. అంతే. పట్టీలూ లాంతరూ చాలన్నారు. ఆ రోజు నుంచి మిన్నెసోటాలో మన బండ్లకు ముక్కోణం లేదు.

నీకు కావలసింది దొరికింది గదా. ఒక్క మాట మాత్రం విను. నీ కోర్టులో ఈనోస్ చావు సంగతి ఎత్తకు. ఎత్తే హక్కు అందరికన్నా నీకే తక్కువ.

సవిల్లా


వాల్‌నట్ లిక్
ఫిబ్రవరి 17, 2008

ప్రియమైన అక్కకు, యేసు నామమున వందనాలు.

మీ దగ్గరిలా మంచు లేదు, బురద ఉంది. గాడిద ఒకటి ఈనింది, పిల్ల నిలబడింది. మలిండా నీకు ఎండు ఆపిల్ ముక్కలు పంపుతోంది.

నీ ఉత్తరాన్ని సంఘంలో చదివి వినిపించాను, చివరి ముక్క తప్ప. దానికి జవాబు కింద వ్రాస్తాను.

మన గురించి విని పట్నం నుంచి ఒక వకీలమ్మ వచ్చింది. డబ్బు తీసుకోదట. పొయ్యి పక్కన కూర్చోబెట్టి బీన్సు సూపు పోశాం. సంశయంగా తాగింది గానీ రెండోసారి అడిగింది. పాక కట్టే తీరుతో ఆమెకు నేనే అర్థం చెప్పాను. "అమ్మా, దేశ రాజ్యాంగం పునాది రాయి అన్నమాట. దానికన్నా కిందకు ఎవరూ తవ్వకూడదు. దాని మీద ఎవరి రాష్ట్రం వాళ్ళు ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తు పాక లేపుకోవచ్చు. అంతేనా?"

"మా కాలేజీలో ఇంత తేలిగ్గా చెప్పలేదండీ," అంది. "అయితే కెంటకీ పాక ఎంత ఎత్తో ఇంతవరకు ఎవరూ కొలిపించలేదు. మనమే కొలిపించాలి."

అక్కా, మా రాష్ట్రపు మాటలు చదివి వినిపించింది. మీ వాటికన్నా గట్టివి! మానవుల అధికారం ఏదీ, ఏ సందర్భంలోనూ, మనస్సాక్షి హక్కులను అదుపు చేయరాదు అని ఉంది. ఏ సందర్భంలోనూ! మీకున్నట్టు భద్రత మెలిక కూడా లేదు. నాకు యెహోషువ గ్రంథం గుర్తొచ్చింది. యొర్దానుకు అటు మూడు, ఇటు మూడు ఆశ్రయపురాలు నిలబెట్టమని దేవుడు చెప్పలేదా? నదికి ఏ ఒడ్డున ఉన్నా పారిపోయి వచ్చినవాడికి ఒక గుమ్మం తెరిచి ఉండాలని గదా! మీ గుమ్మం తెరుచుకుంది. మాదీ తెరుచుకుంటుంది.

వకీలమ్మ మాట మీద మావాళ్ళం కూడా తెల్ల పట్టీలకూ లాంతరుకూ ఒప్పుకున్నాం. అది లోకపు మెరుపని ఒకప్పుడు నేనన్నాను. నిజమే. కానీ పౌలు కూడా కొరడా పైకి లేచాక నేను రోమీయుణ్ణని చెప్పాడు. రోమా చక్రవర్తి కైసరుకు మొరపెట్టుకున్నాడు.

ఇక నీ చివరి మాట. నీకు సిగ్గుగా ఉందని గ్రహించాను. కోర్టుకెక్కి గెలిచినవాడు, ఆ గెలుపు పట్టీలు బండికి అంటించుకొని తిరిగినవాడు, ఆ బండిలోనే పోయాడు. లోకం వేలెత్తి చూపుతుందని నీ భయం. అక్కా, దేవుని హస్తాన్ని దాచాలని చూడకు. బావ మీద ఆ హస్తం పడింది. పడిన చోట మనం మౌనంగా తల వంచాలి.

నీ ఆత్మ క్షేమం కోరే,
జోయాస్


ఎల్మ్ ప్రెయిరీ
మార్చి 9, 2008

జోయాస్‌కు,

దేవుని హస్తమా?

దేవుడికి చేతులు లేకపోతే నీవి అరువిచ్చినట్టున్నావు. ఏ ప్రభువు బల్ల కోసం పోయి తిరిగి వస్తూ చచ్చాడో నీకు తెలుసు. తెలిసి ఇన్నేళ్ళూ మూడు రాష్ట్రాల పాకల్లో నిలబడి "కోర్టుకెక్కిన మా బావ గతి చూడండి" అని ప్రసంగాలు చేశావు. విన్నవాళ్ళు వచ్చి నాకు చెప్పారు. నేను నోరెత్తలేదు. ఆడది సంఘంలో మౌనంగా ఉండాలని నువ్వే గదా నేర్పావు.

ఎండు ఆపిల్ ముక్కలకు మలిండాకు నా వందనాలు చెప్పు. దాని మీద నాకు కోపం లేదు.

సవిల్లా


వాల్‌నట్ లిక్
మే 25, 2008

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం చదివి కొన్నాళ్ళు బాధపడ్డాను. బల్ల సంగతి నాకు బోధపడలేదు. ఆ ఆకురాలు కాలంలో ప్రభువు బల్లకు మీ సంఘానికి నేను అతిథి బోధకుడిగా వచ్చాను, బావ నాతో కలిసి రొట్టె తిన్నాడు, బల్ల ఆచారం ప్రకారం నా పాదాలు కడిగాడు, నేను ఆయనవి కడిగాను. నేను ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. ఇంటికి చేరాకే చావు కబురు తెలిసింది. అందులో నేను దాచిందేమిటి? దుఃఖంలో ఉన్న మనిషి మాటలని సరిపెట్టుకున్నాను.

విచారణ అయిపోయింది. అంతా నీకు వ్రాయాలి, వ్రాస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

సాక్షిగా నన్ను పిలిచారు. ఒట్టు పెట్టుకోనన్నాను. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించింది దుష్టుని నుంచి వస్తుంది అన్నాను. జడ్జి మర్యాదస్థుడు, ఒప్పుకున్నాడు. వకీలమ్మ అడిగినవాటికి చక్కగా జవాబిచ్చాను. మనస్సాక్షి గురించి చెబుతుంటే మన సంఘానికి బయటి ఇంగ్లీషువాళ్ళు కూడా కదలకుండా విన్నారు. తర్వాత సర్కారు వకీలు లేచాడు. నున్నటి మనిషి, మాట వెన్న.

"బోధకుడు గారూ, మిన్నెసోటాలో ఈ పట్టీల కోసం పోరాడి గెలిచినాయన మీకు బంధువేనటగా?"

"మా అక్క భర్త."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ప్రభువు దగ్గర."

"ఎలా పోయారండీ?"

"పాల లారీ వెనక నుంచి బండిని గుద్దింది."

"అయ్యో. మసక వేళేనా?"

"అవును."

"బండికి ఆ తెల్ల పట్టీలున్నాయా?"

అక్కా, నేను బండి చూడలేదు. కానీ బావ గెలిచింది ఆ పట్టీల కోసమే గదా. "కోర్టువారు ఒప్పుకున్న ప్రకారం ఉండే ఉంటాయి," అన్నాను.

"అంటే పట్టీలున్నా లారీవాడికి కనబడలేదన్నమాట."

వకీలమ్మ లేవబోయింది. నాలో ఆత్మ రగిలింది. ఆమెను కూర్చోమని సైగ చేసి నేనే చెప్పాను. "అయ్యా, మనిషిని కాపాడేది పట్టీ కాదు, ముక్కోణం కాదు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు, నిద్రపోడు. ఆయన తీసుకోదలిస్తే నారింజ రంగు గోడ కట్టినా తీసుకుంటాడు!" గది మారుమోగింది. మనవాళ్ళు వెనక బల్లల మీద తలలూపారు.

సర్కారు వకీలు "ఇంకేమీ లేదు" అని కూర్చున్నాడు. నవ్వాడు కూడా.

బయటికి వచ్చాక వకీలమ్మ కారు మీద తల ఆనించి నిలబడింది. "ఏమ్మా?" అన్నాను. "ఏం లేదండీ. పట్టీలు పనిచేస్తాయని చెప్పడానికి నేను రోడ్ల ఇంజనీరును తెచ్చాను. పనిచేయవని చెప్పడానికి వాళ్ళు మిమ్మల్ని తెచ్చారు," అంది.

వారం గడిచాక తీర్పు వచ్చింది. పట్టీలు భద్రతకు చాలవని తేలిందట. ఎవరి బండి సంగతి చూపించి తేల్చారో చెప్పక్కర్లేదు. పై కోర్టుకు వెళుతున్నాం. నేను నిజమే చెప్పాను. నిజం చెప్పినవాడు సిగ్గుపడడు.

జోయాస్


ఎల్మ్ ప్రెయిరీ
జూన్ 8, 2008

జోయాస్‌కు,

నీ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టబోయి ఆగాను. రెండోసారి చదివాను. మూడోసారి చదివాక అనుమానం వచ్చింది. నీకు నిజంగానే తెలియదా?

తెలుసనుకొని ఇన్నేళ్ళు నిన్ను ద్వేషించాను. తెలియదంటే ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. కనుక జరిగింది జరిగినట్టు వ్రాస్తాను. నువ్వు నీ సంఘంలో చదవాలనుకుంటే ఇది చదువు.

ఆ సంవత్సరం బల్లకు ముందు సమాధాన కూడికలో నువ్వు లేచి మాట్లాడావు. సంఘమంతా ఏకమనస్సు అయితేనే బల్ల, ఒక్కరితో పేచీ ఉన్నా బల్ల లేదు, అది మన పద్ధతి. నువ్వు ఈనోస్ వైపు చూడకుండా ఈనోస్‌తోనే అన్నావు: "బండి వెనక లోకపు మెరుపు అంటించుకొని వచ్చినవాడితో నేను రొట్టె విరవను." గుర్తుందా? మా బిషప్పు పెద్దవాడు, మెతకవాడు. "తమ్ముడూ, అది కోర్టుతో మన ఒప్పందం," అన్నాడు. "కోర్టుతో ఒప్పందమా, క్రీస్తుతోనా?" అన్నావు. ఆడవాళ్ళ వైపు నుంచి విన్నాను నేను. నీ గొంతు అప్పుడు ఎంత బాగుండేదో! తల్లి ఉంటే మురిసిపోయేది.

నీ మూలంగా బల్ల రెండు వారాలు వాయిదా పడింది.

బల్లకు ముందు రోజు ఈనోస్ పాకలో బండి వెనక కూర్చున్నాడు. కుండలో వేడినీళ్ళు తెమ్మన్నాడు. గుడ్డ తడిపి, గోళ్ళతో ఆ పట్టీలు ఒలుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"బల్ల దగ్గర మీవాడికి అడ్డం రాకూడదని."

"వాడికి పిచ్చి. నీకేమైంది? కోర్టు చెప్పింది గదా, పట్టీలుండాలని?"

"కోర్టు హక్కు ఇచ్చింది సవిల్లా. హక్కు ఉంటే వాడుకోవాలని ఎక్కడుంది? నావల్ల అంతమందికి బల్ల ఆగింది. ఒక్క రోజుకి తీస్తే పోయేదేముంది? సోమవారం మళ్ళీ అంటిస్తా."

పట్టీలు చింపకుండా ఒలిచాడు, సోమవారం కోసం. పాకలో మేకుకు తగిలించాడు.

తెల్లారి పోయి సంఘ పరిచారకుడు డీకనుతో "నాకు ఎవరితోనూ పేచీ లేదు" అన్నాడు. డీకను వచ్చి నీతో "ఈనోస్ సమాధానపడ్డాడు" అన్నాడు. ఎలా సమాధానపడ్డాడని నువ్వడగలేదు. బండి వెనక్కి పోయి చూడలేదు. గెలిచావు గదా, చూడటమెందుకు. ఆయన వంగి నీ పాదాలు కడిగాడు.

ఇద్దరం తిరిగి వస్తుంటే మసక పడింది, మబ్బుగా ఉంది. లాంతరు వెలుగుతూనే ఉంది. ఆ మలుపు దగ్గర కోయని మొక్కజొన్న రోడ్డు మీదకు వాలి ఉంది. బండి కుదుపుకు లాంతరు ఆ ఆకుల్లో పడి కనబడకుండా పోయి ఉంటుంది. పట్టీలుంటే బండి వెడల్పంతా మెరిసేది. లారీవాడు తర్వాత ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన ఏడ్చాడు. "అమ్మా, మీ వాళ్ళ బండ్లన్నీ మెరుస్తాయి. ఆ మెరుపు కోసమే చూస్తూ నడుపుతాను నేను ఆ రోడ్డు మీద," అన్నాడు. ఆ ఇంగ్లీషువాడు ఇప్పటికీ క్రిస్మస్‌కు కార్డు పంపుతాడు.

ఇదీ నీ దేవుని హస్తం. ఇప్పుడు కోర్టులో నిలబడి, పట్టీలుండి కూడా చచ్చాడని చెప్పొచ్చావు. ఒకసారి ఆయన బండి మీద నుంచి తీయించావు. రెండోసారి చచ్చినవాడి బండికి అంటించావు. రెండుసార్లూ నీకు నచ్చిన వేళకే.

సవిల్లా


వాల్‌నట్ లిక్
జూలై 6, 2008

అక్కా,

వకీలమ్మ దగ్గరికి ఆ రోజే పోయాను. నీ ఉత్తరం ఆమె చేతిలో పెట్టాను. నిలబడి చదివింది. చదివి కూర్చుంది.

"ఇది ఏప్రిల్లో మన చేతిలో ఉంటే..." అంది.

"ఇప్పుడు చెబుతాను. పై కోర్టు వారి ముందు నిలబడి చెబుతాను. సిగ్గు విడిచి చెబుతాను."

"పై కోర్టు సాక్ష్యం వినదండీ. కింద కోర్టులో మీరేం చెప్పారో అదే చదువుతుంది. అచ్చయిపోయింది. 'ఉండే ఉంటాయి' అన్నారు మీరు."

"అది నాకు తెలిసి అన్నది కాదమ్మా. ఊహించాను."

"అక్కడ అది ఊహలా లేదు."

కింద కోర్టునే మళ్ళీ వినమని ఆమె అర్జీ పెట్టి చూసింది. సాక్షి మీ పక్షం మనిషే, అతని అక్కను ముందే అడిగి ఉండొచ్చు గదా అని జడ్జి తోసేశాడు. మర్యాదస్థుడని వ్రాశాను. మర్యాదగానే తోసేశాడు.

అక్కా, నాకు తెలియదు. దేవుడు సాక్షి. కానీ నువ్వెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు! డిసెంబరులో "ఆయన చావు ఎత్తకు" అని వ్రాసినప్పుడు ఇంకొక్క వాక్యం వ్రాస్తే నీ చెయ్యి అరిగిపోయేదా? నన్ను ద్వేషించడానికి సరిపడా సిరా ఉంది, మాహ్లోన్ పిల్లల కోసం ఒక్క వాక్యానికి లేదా? సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా పోయి అతనితోనే చెప్పమని మత్తయి పద్దెనిమిదో అధ్యాయం. నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు. మనిద్దరికీ వాక్యం నోటికి వచ్చు.

ఇంకేమీ వ్రాయలేను.

జోయాస్


ఎల్మ్ ప్రెయిరీ
జూలై 20, 2008

జోయాస్‌కు,

చెప్పాల్సింది. అంతవరకు నువ్వన్నది నిజం.

ఎండు గడ్డి కోత నడుస్తోంది. ఉంటాను.

సవిల్లా


వాల్‌నట్ లిక్
అక్టోబరు 18, 2009

ప్రియమైన అక్కకు,

ఏడాది దాటింది. నువ్వు వ్రాయలేదు, నేనూ వ్రాయలేదు. మలిండా వ్రాస్తున్నదని తెలుసు. ఏమి వ్రాస్తుందో అడగలేదు.

రాష్ట్రపు పై కోర్టు తీర్పు వచ్చింది. వకీలమ్మ తెచ్చి చదివి వినిపించింది. మన రాజ్యాంగంలో "ఏ సందర్భంలోనూ" అని ఉంటే ఉండవచ్చు గాని, దేశ రాజ్యాంగం ఇచ్చిన దానికన్నా అది ఇసుమంత కూడా ఎక్కువ ఇవ్వదన్నారు. పాక లేదక్కా. పునాది రాయి మీదే పడుకొని ఆకాశం చూస్తున్నాం. మీ పెద్దలు మెలిక పెట్టి వ్రాశారు, ఆ మెలిక పట్టుకొనే మీ కోర్టు "రుజువు చూపండి" అంది, మీరు గెలిచారు. మా పెద్దలు మెలిక లేకుండా ధారాళంగా వ్రాశారు. ధారాళంగా వ్రాసినదాన్ని ఎవరూ లెక్కచేయలేదు. ఒకే దేవుడు, ఒకే లాంతరు, ఒకే నల్ల బండి. నడుమ రెండు మూడు రాష్ట్రాలు, అంతే. ఒకచోట మనస్సాక్షి, ఒకచోట నేరం.

ఒక జడ్జి మాత్రం విడిగా నాలుగు ముక్కలు వ్రాశాడు. ఈ మాటలకు అర్థం లేకపోతే వీటిని వ్రాసినవాళ్ళు సిరా ఎందుకు పాడుచేసుకున్నారని అడిగాడు. కానీ ఆ తర్వాత, ఈ రికార్డులో పట్టీలు చాలవని వాళ్ళ సొంత బోధకుడి నోటి నుంచే వచ్చింది కాబట్టి తానూ ఏమీ చేయలేనన్నాడు. వకీలమ్మ ఆ ముక్క దగ్గర ఆగి, చదవనా అంది. చదవమన్నాను.

జరిమానా కట్టలేదు. నేనూ మాహ్లోనూ జైలుకు పోయాం. కాపలావాడు మంచివాడు. "పెద్దాయనా, పాటలు పాడతారటగా, పాడండి, ఇక్కడ పొద్దు పోదు," అన్నాడు. పౌలు, సీలలు పాడితే చెరసాల పునాదులు కదిలాయి. నా నోరు పెగల్లేదు. మాహ్లోన్ పాడాడు. ఏమీ కదల్లేదు.

బయటికి వచ్చాక సంఘం కూడింది. ముక్కోణం తగిలించుకుందామని కొందరన్నారు. నేను గద్దించాలని వాళ్ళు నా వైపు చూశారు. నేను గద్దించలేదు. చివరకు రేకు వద్దు, ఇళ్ళెత్తుకుపోదామని అందరూ తేల్చారు. మిన్నెసోటా అన్నారు. నేననలేదు, వాళ్ళే అన్నారు. అక్కడ ఈనోస్ గెలిచిన హక్కుందని మాహ్లోన్ లేచి చెప్పాడు. ఆ పేరు మా పాకలో మంచి పేరుగా వినబడటం అదే మొదలు.

ఎల్మ్ ప్రెయిరీ పక్కన అమ్మకానికి పొలాలున్నాయని మలిండాకు వ్రాశావట. వసంతానికి వస్తాం. వద్దంటే నేనొక్కణ్ణీ వేరే చోటికి పోతాను, వాళ్ళను రానివ్వు. నేను ఒకప్పుడు ఆశ్రయపురాల గురించి నీకు గొప్పగా వ్రాశాను. ఎవరి కోసం కట్టించారో అప్పుడు నేను వ్రాయలేదు. ఆ అధ్యాయం మళ్ళీ చదివాను. వచ్చినవాడు పట్టణపు గుమ్మం దగ్గర నిలబడి తన సంగతి పెద్దలు వినేలా చెప్పాలని ఉంది. చెబుతాను. నువ్వు ఏ గుమ్మమంటే ఆ గుమ్మం దగ్గర.

జోయాస్


ఎల్మ్ ప్రెయిరీ
నవంబరు 1, 2009

జోయాస్‌కు,

ఆశ్రయపురాలు ఎవరి కోసమో నాకూ తెలుసు. పగ లేకుండా, తెలియక, పొరుగువాణ్ణి చంపినవాడి కోసం. నీకు పగ లేదని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తెలియక అన్నది ఇంకా మింగుతున్నాను.

క్షమించాను. క్షమించమని ఆజ్ఞ గనుక క్షమించాను. అంతకన్నా తియ్యగా వ్రాయడం నాకు రాదు. బల్లకు నావల్ల ఆటంకం ఉండదు. నిన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి వినాల్సిన పనీ నాకు లేదు. చెప్పాలనుంటే ఆ మలుపు దగ్గర మొక్కజొన్నకు చెప్పు.

పొలాలు చూసి పెట్టాను. మట్టి నల్లది, నీరుంది. మలిండానూ మాహ్లోన్ పిల్లలనూ మా ఇంట్లోనే దింపు, మీ ఇల్లు లేచేదాకా ఉంటారు. నీకూ మంచముంది.

ఇక్కడ రోడ్డెక్కాలంటే పట్టీలుండాలి. అది కోర్టు మాట, ఇప్పుడు మా సంఘం మాట కూడా. నువ్వు కొనక్కర్లేదు. ఈనోస్ ఒలిచినవి పాకలో అదే మేకుకు వేలాడుతున్నాయి. నేను తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. అవే నీ బండికి పెట్టుకో.

జిగురు పోయింది. చిన్న మేకులు తెచ్చుకో, నీ చేత్తో కొట్టుకోవాలి.

వచ్చేటప్పుడు వెలుతురుండగా రా.

సవిల్లా